మూలమట్టం ఎవరి చేతిలో?

కొన్నేళ్ల క్రితం గ్రామ సంఘాల మహిళలకు ఆస్తి హక్కు మీద రెండు రోజుల శిక్షణ పెట్టాం. 1985లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సవరణ, 2005లో కేంద్రం తెచ్చిన సవరణ, 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన వివరణ అన్నీ చార్టుల మీద రాసుకుని వెళ్లాం. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒకామె కొంగు ముడి విప్పి మడత పెట్టిన కాగితం నా ముందు పరిచింది. తండ్రి ఇంటి స్థలంలో అన్నకొక ముక్క, తనకొక ముక్క. అన్నది 25 అడుగులకు 25 అడుగులు. ఆమెది 10 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు. పంచాయితీలో పెద్దమనుషుల ముందు అన్న తాడు తెచ్చి రెండు ముక్కల చుట్టూ తిప్పి చూపించాడట. రెండింటికీ తాడు సరిగ్గా సమానం, 100 అడుగులు. అందరూ న్యాయమే అన్నారు. "తాడు సమానంగనే వచ్చింది మేడమ్. మరి గోడలు పోను అడ్డంగ మంచమేస్తే మనిషి నడవనీకి జాగుండదేంది?" అని ఆమె అడిగింది.

అక్కడ మేం నలుగురం ఉన్నాం, అందరం యూనివర్సిటీ చదువులు చదివినవాళ్లమే. కాగితం చూసి, తాడు సమానమైతే పంపకం సమానమే కదా అన్నది మాలో ఒకరు. ఆ ఒకరు నేనే. సాయంత్రం బస్సులో కూర్చున్నాక గానీ నాకు లెక్క తట్టలేదు. 25ను 25తో గుణిస్తే 625 చదరపు అడుగులు, 10ని 40తో గుణిస్తే 400. చుట్టుకొలత ఒకటే, లోపలి చోటు ఒకటి కాదు. 225 చదరపు అడుగులు ఒక తాడు చాటున మాయమయ్యాయి. చట్టంలోని సెక్షన్లు నాకు కంఠతా వచ్చు. ఆమె చేతిలోని కాగితం మీది ఆకారాన్ని మాత్రం నేను చూడలేదు. మంచం వేసి చూసుకున్న ఆమె చూసింది.

హక్కుల గురించి రాసే పత్రికలో రేఖాగణితం ఏమిటని ఎవరైనా అడిగితే నా దగ్గరున్న మొదటి జవాబు ఇది. ఎఫ్.ఎం.బి. స్కెచ్ కావచ్చు, తెలంగాణ పల్లెల్లో టిప్పన్ కావచ్చు, ఇంటి పట్టా వెనక గీసిన హద్దుల పటం కావచ్చు, వాటిని చదవలేని మనిషికి కాగితం మీద పేరున్నా నేల మీద పట్టు ఉండదు. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్ల స్థలాల పట్టాలను మహిళల పేరనే పంచారు. పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. సెంటంటే 48 చదరపు గజాల చిల్లర. అంత చిన్న చోటులో ఒక అడుగు జరిగినా అది వంటగదో, స్నానాల గదో పోయినట్టే. అక్కడ ఆకారం చూడగలగడం చదువుకున్నవాళ్ల ముచ్చట కాదు.

చుట్టుకొలత, వైశాల్యం ప్రాథమిక పాఠశాల పాఠాలే. నేనూ చదివాను, మార్కులూ తెచ్చుకున్నాను. పొడవు ఇంటూ వెడల్పు అని వెయ్యిసార్లు రాసి ఉంటాను. రాసిన చేతికి చోటు అంటే ఏమిటో తెలియలేదు, అంతే. బడిలో ఆకారాల పాఠం అంటే ఇప్పటికీ పేర్లు చెప్పించడమే. బోర్డు మీద త్రిభుజం ఎప్పుడూ నేల మీద కూర్చునే ఉంటుంది. దాన్ని తలకిందులు చేసి గీస్తే మూడో తరగతి పిల్లలు త్రిభుజం కాదంటారు. చతురస్రాన్ని ఒక మూల మీద నిలబెడితే గాలిపటం అంటారు. ఒక బడిలో నేను గీసిన ఆ బొమ్మకు టీచరు కూడా ఒక్క క్షణం ఆగి, "ఇప్పుడది డైమండ్ కదండీ" అన్నారు. నవ్వులాటకు చెప్పడం లేదు. ఆమెకూ ఆ పాఠం అలాగే వచ్చింది. తిప్పితే ఆకారం మారదని ఆమె చేతితో తిప్పి చూపించిన వాళ్లెవరూ లేరు.

ఈ తిప్పి చూడటం అన్నదాని చుట్టూ మన మీద ఒక పెద్ద అపవాదే ఉంది. ఆడవాళ్లకు దిక్కులు తెలియవు, పటం చదవలేరు, వస్తువును మనసులో తిప్పి చూడలేరు అని. 1971లో షెపర్డ్, మెట్జ్‌లర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దిమ్మెల బొమ్మలను మనసులో తిప్పి పోల్చే ప్రయోగం చేశారు. ఆ తరహా పరీక్షల్లో స్త్రీ పురుషుల సగటు మార్కుల మధ్య తేడా కనిపిస్తూ వచ్చింది. దాన్ని పట్టుకుని, మెదడులోనే ఉందండీ, ఏం చేస్తాం అన్నవాళ్లు చాలామంది. తేడా కనిపించడం వేరు, అది పుట్టుకతో వచ్చిందనడం వేరు. ఈ రెండిటి మధ్య ఉన్న దూరాన్ని మనం ప్రతి తరంలోనూ మళ్లీ కొలిచి చూపించాల్సి వస్తోంది.

అమెరికాలో షెరిల్ సోర్బీ అనే ఇంజనీరింగ్ అధ్యాపకురాలికి చదువుకునే రోజుల్లో డ్రాయింగ్ క్లాసే గండమైంది. తర్వాత తాను పాఠం చెప్పిన మిషిగన్ టెక్నలాజికల్ యూనివర్సిటీలో మొదటి సంవత్సరం విద్యార్థులకు ఈ తరహా పరీక్ష పెడితే, మగవాళ్లకంటే ఆడపిల్లలు తప్పే అవకాశం మూడు రెట్లు ఎక్కువని తేలింది. 1993లో బెవర్లీ బార్ట్‌మన్స్ అనే లెక్కల అధ్యాపకురాలితో కలిసి ఆమె ఒక చిన్న కోర్సు తయారు చేశారు. ఘనాల దిమ్మెలు పేర్చడం, వాటిని అన్ని వైపుల నుంచీ చూసి గీయడం, తిప్పి గీయడం. అంతే. అది చదివిన ఆడపిల్లలకు మార్కులు పెరిగాయి, మధ్యలో ఇంజనీరింగ్ మానేసేవాళ్లు తగ్గారు. 2013లో డేవిడ్ ఉట్టల్ బృందం ఇలాంటి 217 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూసి, ఈ శక్తి సాధనతో పెరుగుతుందని, పెరిగింది నిలుస్తుందని చెప్పింది. కొన్ని వారాల సాధనతో పెరిగేదాన్ని తలరాత అని ఎందుకు అనాలి?

మన దేశంలోనే మరో సంగతి ఉంది. ఈశాన్యంలో ఖాసీ, కర్బీ అనే రెండు సముదాయాలు దగ్గర దగ్గరగా బతుకుతాయి. ఖాసీల్లో ఆస్తి కూతురికి, అందులోనూ చివరి కూతురికి వస్తుంది. కర్బీల్లో కొడుకులకు. 2011లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఆ గ్రామాల్లో 1,200 మందికి పైగా ఆడా మగా చేత నాలుగు ముక్కల బొమ్మ పజిల్ పేర్పించి ఎంతసేపు పట్టిందో చూశారు. కర్బీల్లో మగవాళ్లు స్పష్టంగా త్వరగా పేర్చారు. ఖాసీల్లో ఆడా మగా తేడా కనిపించలేదు. రెండు సముదాయాలు, ఒకే పజిల్. దీని మీద మహా సిద్ధాంతాలు కట్టనక్కర్లేదు. ఖాసీ స్త్రీల బతుకు స్వర్గమనీ నేను అనడం లేదు, అక్కడా దర్బారుల్లో కూర్చునేది మగవాళ్లే. కానీ ఆస్తి, చదువు ఎవరి చేతిలో ఉన్నాయన్నది ముక్కలు పేర్చే చేతి వేగం దాకా వస్తుందేమో అన్న అనుమానం చాలు, పాత వాదాన్ని నిలదీయడానికి.

ఇక మన ఊళ్లలో చూడండి. ఏడేళ్ల మగపిల్లాడు చెరువు గట్టు, మామిడి తోపు, పక్క ఊరి జాతర దాకా సైకిలు తొక్కుతాడు. ఏ దారి దగ్గరో, ఏ దారి చుట్టో వాడి కాళ్లకు తెలుసు. అదే వయసు ఆడపిల్ల చంకలో తమ్ముడితో ఇంటికీ బోరింగుకీ మధ్య తిరుగుతుంది. పెద్దమనిషి అయ్యాక ఆ గీత ఇంకా కుదించుకుపోతుంది. 1991లో పుదుక్కోట్టైలో అక్షరాస్యత ఉద్యమం మహిళల చేత సైకిళ్లు తొక్కించింది గుర్తుందా? దాన్ని మనం చదువుకు తోడు కార్యక్రమం అనుకున్నాం. అది చదువే. ఊరిని తన కాళ్లతో కొలిచిన పిల్లే ఊరి పటం గీస్తుంది.

ఇదంతా బడికి తెచ్చే పని టీచర్లది, దేశంలో బడి టీచర్లలో ఇప్పుడు సగానికి పైగా ఆడవాళ్లే. 2010లో షికాగో పరిశోధకులు ఒకటి, రెండు తరగతుల టీచర్లను, అందరూ ఆడవాళ్లే, ఏడాది పొడుగునా గమనించారు. లెక్కలంటే భయమున్న టీచరు దగ్గర చదివిన ఆడపిల్లల్లో, సంవత్సరం చివరికి, లెక్కలు మగపిల్లల సొత్తు అన్న నమ్మకం పెరిగిందని, అలా నమ్మిన వాళ్ల మార్కులు తగ్గాయని తేలింది. మగపిల్లల మీద ఆ ప్రభావం కనబడలేదు. అదే బృందం 2013లో, దిక్కులు, ఆకారాలు, పటాల పనులంటే బెరుకున్న టీచర్ల దగ్గర పిల్లలు ఆ విషయాల్లో తక్కువగా ఎదిగారని చెప్పింది. ఈ అధ్యయనాలను జాగ్రత్తగా చదవాలి. చూశారా, ఆడ టీచర్ల వల్లే ఆడపిల్లలు చెడిపోతున్నారు అనడానికి మన అధికారులకు ఎంతోసేపు పట్టదు. ఆ టీచరు కూడా ఒకప్పుడు ఆ తరగతిలో కూర్చున్న ఆడపిల్లే. ఆమెకు భయం ఎవరు నేర్పారు, దాన్ని పోగొట్టడానికి ఉద్యోగంలో చేరాక ఎవరేం చేశారు అని అడగాలి.

చేసిందేమిటో కాస్త చూద్దాం. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ ప్రతి బడికీ రెండో టీచరు ఉండాలని, వీలైతే ఆమె మహిళ కావాలని అంది. లెక్కల కిట్టూ ఇచ్చింది. మహిళ వచ్చింది, కిట్టు బీరువాలోకి వెళ్లింది. పోతే ఆమె బాధ్యతట. కాంప్లెక్స్ సమావేశాల్లో నేను కూర్చున్నన్ని సార్లూ లెక్కల పాఠం చెప్పిన రిసోర్స్ పర్సన్ మగవాడే, వెనక బెంచీల్లో రిజిస్టర్లు నింపుకుంటూ కూర్చున్నది ఆడవాళ్లే. ప్రశ్న అడిగితే తెలియదని తేలిపోతుందన్న సంకోచం. ముప్ఫై ఏళ్ల సర్వీసున్న టీచరుకు చతురస్రం కూడా ఒక దీర్ఘచతురస్రమేనా అని పదిమందిలో అడగడం సులువు కాదు.

ఇక్కడ ఒక టీచరు పేరు చెప్పాలి. డైనా వాన్ హీలే. నెదర్లాండ్స్‌లో హైస్కూలు లెక్కల టీచరు. పిల్లలకు రేఖాగణితం ఎందుకు తలకెక్కడం లేదో ఆమె, ఆమె భర్త పియరీ కలిసి ఆలోచించి, 1957లో యుట్రెక్ట్ యూనివర్సిటీకి చెరొక సిద్ధాంత గ్రంథం సమర్పించారు. పిల్లలు మొదట ఆకారాన్ని మొత్తంగా, ఒక ముఖాన్ని గుర్తుపట్టినట్టు గుర్తుపడతారు. తర్వాత దాని లక్షణాలు చూస్తారు, వైపులు, మూలలు. ఆ తర్వాతే లక్షణాల మధ్య సంబంధం, ఇదుంటే అదుండాలి అన్నది. నిర్వచనం, నిరూపణ చివర్న. ఒక మెట్టు మీదున్న పిల్లతో టీచరు మరో మెట్టు మీద నిలబడి మాట్లాడితే ఇద్దరూ ఒకే మాట అంటున్నా వేరే భాషలు మాట్లాడుతున్నట్టే. పైగా మెట్టు ఎక్కడం వయసుతో దానంతట అది జరగదు, పాఠంతో జరుగుతుంది. పియరీ సిద్ధాంతం చెప్పాడు. పన్నెండేళ్ల పిల్లలతో తరగతి గదిలో రోజురోజుకూ ఏం చేయాలో, చేసి రాసింది డైనా. గ్రంథం ముగిసిన కొద్దికాలానికే ఆమె చనిపోయింది. ఆమె రాసింది ఇంగ్లీషులోకి వచ్చేసరికి 1984. చాలా పుస్తకాల్లో 'వాన్ హీలే సిద్ధాంతం' అని ఉంటుంది, చదివేవాళ్లకు గుర్తొచ్చేది పియరీ. తరగతి గది పనికి ఎప్పుడూ అంతే గౌరవం.

పనికి గౌరవం అన్న మాట వచ్చింది కాబట్టి భవన నిర్మాణం దగ్గరికి వెళ్దాం. తట్టలు మోసేది ఆడవాళ్లు. ఇటుకలు అందించేది ఆడవాళ్లు. మూలమట్టం పట్టేది మేస్త్రీ, మేస్త్రీ మగవాడు. ఆ ఇనుప మూల చేతిలో ఉన్నవాడికి కూలి ఎక్కువ. జ్ఞానాన్ని పనిముట్టు చేసి ఒకరి చేతికే ఇవ్వడమంటే ఇదే. అటు పోచంపల్లి వైపు చూస్తే, చిటికీ చీర నేయకముందు పోగును అర్ధవృత్తంలో గుచ్చిన మేకుల చుట్టూ తిప్పి ఆసు పోయాలి. అది ఇంటి ఆడవాళ్ల పని. ఒక్క చీరకు దాదాపు 9 వేల సార్లు చేయి అటూ ఇటూ ఆడాలి. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేశాడు, 2017లో పద్మశ్రీ వచ్చింది, రావాల్సిందే. కానీ ఆ మేకుల మీద ఏ పోగు ఎక్కడ పడితే ఏ పువ్వు ఏర్పడుతుందో తెలిసిన వేలమంది ఆడవాళ్లను లెక్కలు తెలిసినవాళ్లని ఎవరైనా అన్నారా?

మనమూ అనలేదు. కుట్టు మిషన్లు పంచని మహిళా సంస్థ ఉందా? జాకెట్టు కత్తిరించడం అంటే చదునైన గుడ్డను వంపులున్న శరీరానికి సరిపోయేలా చేయడం. టక్కు ఎక్కడ పెట్టాలి, క్రాస్ కటింగ్‌లో గుడ్డ ఐమూలగా ఎందుకు సాగుతుంది, చంక వంపుకు చెయ్యి వంపు ఎలా కూర్చాలి. ఇంజనీరింగ్ కాలేజీలో ఇది చెబితే ఫీజు కట్టాలి. మనం దాన్ని 'ఆదాయ కల్పన' అన్నాం, ఆడవాళ్లకు చేతనైన పని అన్నాం. ఆ కుట్టు నేర్చిన తల్లి ఇంటికి వెళ్లి కూతురితో నాకు లెక్కలు రావమ్మా అంటుంది.

ముగ్గు గురించి మాట్లాడేటప్పుడు నాకు కాస్త జంకు. మన అమ్మమ్మలు ఎంతటి గణితవేత్తలో అని పొంగిపోయి, ఆ అమ్మమ్మను వాకిట్లోనే ఉంచేసే సంస్కృతి ప్రేమికులు ఎక్కువయ్యారు. భర్త పోయిన ఆడదాన్ని పండగ ముగ్గుకు దూరం పెట్టిన ఇళ్లున్నాయి. అందరి వాకిళ్లలోనూ ముగ్గు లేదు. తరగతిలో ముస్లిం పిల్ల ఉంటుంది, తండాలో అమ్మ అద్దాలు కుట్టే పిల్ల ఉంటుంది, బుట్టలల్లే మేదరి ఇంటి పిల్ల ఉంటుంది. పాఠం ముగ్గుతోనే ఆగితే అది ఇంకొక వెలి. ఈ జాగ్రత్త చెప్పాక, ముగ్గులో ఉన్నది ఉన్నట్టు చూద్దాం. ఎదురు చుక్క, సందు చుక్క అని మన ఆడవాళ్లు అనేవి రెండు వేర్వేరు జాలాలు. మొదటిదాంట్లో చతురస్రాలు, రెండోదాంట్లో సమబాహు త్రిభుజాలు. సందు చుక్క 7 నుంచి 4 వరకు పెడితే ఆరు వైపులున్న ఆకారం, ప్రతి వైపునా 4 చుక్కలు, మొత్తం 37. 15 నుంచి 8 వరకు పెడితే ప్రతి వైపునా 8, మొత్తం 169. 9 చుక్కలతో మొదలుపెడితే ఎంతవరకు తగ్గించాలి అని అడిగితే నాలుగో తరగతి పిల్లలు తంటాలు పడి 5 అని కనుక్కుంటారు, ఎందుకని అడిగితే వాళ్ల మాటల్లో చెబుతారు. మెలికల ముగ్గు ఇంకా చిత్రం. ఎదురు చుక్కలు 3 వరుసలు, వరుసకు 4 పెట్టి, ప్రతి చుక్క చుట్టూ మామూలుగా తిప్పుకుంటూ పోతే ఒక్క గీతతో ముగుస్తుంది. 4కి 6 పెడితే రెండు గీతలు కావాలి. 4కి 4 పెడితే నాలుగు. అది ఆ రెండు అంకెల గ.సా.భా. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమనీ, ఆయన సహచరులు 1970లలోనే తమిళ కోలాల మీద పరిశోధన పత్రాలు రాశారు. మొజాంబిక్‌లో పౌలస్ గెర్డెస్ ఆఫ్రికా స్త్రీల బుట్టల్లో, కుండల మీది నగిషీల్లో ఉన్న రేఖాగణితం మీద పుస్తకమే రాశాడు. 2006లో ఎన్.సి.ఇ.ఆర్.టి. మూడో తరగతి లెక్కల పుస్తకం ఎక్కడి నుంచి చూడాలి అన్న పాఠంతోనే మొదలైంది. ఒకే వస్తువు పైనుంచి ఎలా, పక్కనుంచి ఎలా అని. చుక్కల ముగ్గూ ఉంది అందులో. మంచి పుస్తకం. మన టీచర్లలో చాలామంది దాన్ని పాఠంగా కాక బొమ్మల పేజీగా దాటేశారు, ఎందుకంటే అందులో అడిగి చెప్పించే జవాబు లేదు.

అందుకని శిక్షణ టీచరు చేతులతో మొదలు కావాలి. నాలుగు చీపురు పుల్లలు సమానంగా విరిచి మూలల్లో దారంతో కట్టమనండి. చతురస్రం. ఒక పక్కకి నొక్కమనండి. వైపులు మారలేదు, చుట్టుకొలత మారలేదు, లోపలి చోటు తగ్గిపోతూ పోయి చివరికి ఏమీ మిగలదు. ఆ ఒక్క చీపురు పుల్లల బొమ్మ ఆ రోజు నా దగ్గర ఉంటే బాగుండేది. ఊళ్లలో స్థలం కొలిచేటప్పుడు ఎదురెదురు వైపుల సగటులు తీసి గుణించే అలవాటు ఒకటుంది. మూలలు మట్టంగా ఉంటేనే అది సరైన లెక్క, ఒరిగిన స్థలానికి అది ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది. నాలుగు వైపులా 20 గజాలుండి, 60 డిగ్రీలకు ఒరిగిన స్థలం నిజానికి 346 చదరపు గజాలు, కాగితం మీద 400. కొనేవాళ్లు 54 గజాలకు ఊరికే డబ్బు కడతారు. 628లోనే బ్రహ్మగుప్తుడు ఈ పద్ధతిని స్థూలం అన్నాడు. ఐదో తరగతి పిల్లకు ఇది పుల్లలతో అర్థమవుతుంది.

ఇంకొకటి, చూడకముందే చెప్పించడం. కాగితం రెండు మడతలు పెట్టి మూల కత్తిరిస్తే విప్పాక రంధ్రం ఎలా ఉంటుందో మొదట పిల్లలు గీయాలి, తర్వాతే విప్పాలి. తప్పు గీసిన పిల్లే ఎక్కువ నేర్చుకుంటుంది, టీచరు ఎర్ర పెన్ను పక్కన పెడితే. త్రిభుజం కానివాటిని కూడా త్రిభుజాల్లో కలిపి పెట్టాలి, ఒక వైపు వంగినది, మూల అతకనిది. ఎందుకు కాదో వాదించుకోనివ్వాలి. ఇంటి నుంచి బడికి దారి గీయించాలి, ఆడపిల్లలు ఎక్కడెక్కడ ఆగి చుట్టు తిరిగి వస్తారో ఆ పటమే చెబుతుంది. ఒక బడిలో ఇలా గీయిస్తే మగపిల్లల దారులన్నీ సారా దుకాణం ముందు నుంచి తిన్నగా వచ్చాయి, ఆడపిల్లలవి ఒక్కటీ రాలేదు. టీచరు ఆ పటాలను స్కూలు కమిటీ సమావేశంలో గోడకు అంటించింది.

మాటల సంగతి కూడా. అమెరికాలో తల్లిదండ్రులు మగపిల్లలతో వంపు, అంచు, మూల, ఎత్తు లాంటి మాటలు ఎక్కువ వాడతారని 2017లో ఒక అధ్యయనం చూపించింది. మన పిల్లలకు ఆ మాటలు ఇంట్లో పుష్కలంగా ఉన్నాయి. అడ్డం, నిలువు, ఏటవాలు, ఐమూల, నలుచదరం, కోల, మట్టం, అంచు. బడి వాటిని గుమ్మం బయట విడిపించి వికర్ణం, లంబం, సౌష్ఠవం చేతికిస్తుంది. ఇంగ్లీషు మీడియం వచ్చాక అవీ పోయాయి. చివరికి రెండో తరగతి పిల్ల రాంబస్ అని పలుకుతుంది, ఐమూల అంటే ఏమిటో చూపించమంటే చూపిస్తుంది, ఆ రెండిటికీ ఏమైనా సంబంధం ఉందని ఆమెకు ఎవరూ చెప్పరు.

వచ్చే ఆస్తి హక్కు శిక్షణల్లో ఒక పూట చీపురు పుల్లలకు, తాడుకు, స్కెచ్ చదవడానికి కేటాయించాలని మేం అనుకున్నాం. ఆ పూటకు దగ్గరి బడుల మహిళా టీచర్లను కూడా పిలుస్తాం, నేర్పడానికి కాదు, సంఘం ఆడవాళ్లతో కలిసి కొలవడానికి. కుట్టు కేంద్రం నడిపే మిత్రులు జాకెట్టు కటింగ్‌ను ఏడో తరగతి ఆడ, మగ పిల్లలందరి ముందు ఒక గంట చేసి చూపించగలరేమో ఆలోచించండి. మీ ప్రాంతంలో ఆకారాలకు, మూలలకు, వాలుకు, కొలతలకు ఆడవాళ్లు వాడే మాటలు రాసి పంపండి, అల్లికలో, నాట్లలో, పిడకలు పేర్చడంలో, దేంట్లోవైనా సరే. వచ్చే సంచికలో అచ్చు వేస్తాం. తాడు కాగితం తెచ్చినామె తన మండలం మాటలు పద్నాలుగు ఇప్పటికే చెప్పింది. ఆమె ముక్కను మళ్లీ కొలిపించమని అర్జీ పెట్టాం. సర్వేయరు రావలసి ఉంది.